పన్నెండో మెట్టు

చింతపండుతోని తోమినవా బోయజూ,
ఇది ఇత్తడి బిందె కాదు.
తీగలు సడలించి పక్కకు జరిపిన.
మిర్యాలగూడ మిల్లుల తవుడు, నీ చెమట
మెట్ల సందుల్ల మైనం లెక్క గట్టిపడ్డయి.
పాత పళ్ళ బ్రష్షు, అగ్గిపుల్ల మొన,
ఓపిక.

జిడ్డంత మొదటి మూడు మెట్ల కాడనే.
మూడు కార్డులతోనే ఇరవై ఏండ్ల ఆదివారాలు
ఎల్లదీసినవని ఈ కట్టె చెప్తున్నది.
బస్తాలెత్తిన వేళ్ళాయె,
అదిమి అదిమి చెక్కనే అరగదీసినయి.

మరి ఇదేంది,
పన్నెండో మెట్టు కింద
గోరు గీరిన సన్న గుంట, కొత్తది?
నీ చెయ్యి అంత పైకి ఎన్నడు పోలే.

బోయజు మాట్లాడడు.
రాత్రి డ్యూటీలు లెక్కపెడుతున్నడు:
గిటారు ఇంట్ల,
కెజియా ఇంట్ల.

నూనె చుక్కేసి తుడుస్తుంటే
చానసేపటికి అడిగిండు,
"సన్న తీగలుంటయా?"