గోడ ఏ రంగు

ఆపరేషనైన ఐదో రాత్రి
దర్గామిట్ట ఆస్పత్రి మూడో అంతస్తులో
మస్తానయ్య నన్ను పిలిచి అడిగాడు:
"ట్యూబులైటు మార్చినారా పాపా?
పసుప్పచ్చంగా ఉండాదే."

పక్క మంచం నవ్వింది.
నేను నవ్వలేదు.
నా చేతిలో ఆయన రాత్రి మాత్ర,
ఆవగింజ కంటే కాస్త పెద్దది,
పరుగుతీసే గుండెకు వేసే పగ్గం.
పగ్గం మరీ బిగిస్తే ముందు రంగులు మారతాయని
కందుకూరులో నర్సింగు చదివేటప్పుడు
ఒక మార్కు ప్రశ్నకు రాశాను.

మణికట్టు పట్టుకుని నిమిషం నిండా లెక్కపెట్టా.
సగం లెక్కేసి రెట్టింపు చెయ్యలేదు.
యాభై రెండు.
మధ్యలో రెండు చోట్ల
మెట్టు తప్పిన అడుగు.

మాత్ర తిరిగి ట్రేలోకి.

ఫోనులో డాక్టర్ కోదండపాణి
అన్నం నములుతూ అడిగాడు: "చివరి మాత్ర ఎప్పుడు?"
"నిన్న రాత్రి తొమ్మిదికి సార్."
"అయితే ఇప్పుడే తీయి రక్తం.
మింగిన వెంటనే తీస్తే అది అబద్ధం చెబుతుంది."

ల్యాబు నుంచి రెండు అంకెలొచ్చాయి.
మందు, ఉండాల్సిన దానికి రెండింతలు.
పొటాషియం, రెండు పాయింట్ తొమ్మిది.
వాపు తియ్యడానికి మేమిచ్చిన మాత్రలే
నీటితో పాటు దాన్నీ తోడేశాయి.
తప్పెవరిదని రాయడానికి
కేసు షీటులో గడి లేదు.

పంపు బిగిస్తూ ఎక్కిస్తున్నదేమిటో చెప్పాను.
ఆయన మొహం వెలిగింది.
"పొటాషా! మా రొయ్యల గుంటకీ అదే గదమ్మా.
తగ్గితే రొయ్య నడుం వంకరబోయి మళ్ళీ సాగదు.
బస్తా ఒక్కసారే కుమ్మరించే మారాజులుంటారు,
తెల్లారేసరికి గట్టు పొడుగునా చావే.
నీళ్ళు చూసి చల్లాల. నిదానంగా చల్లాల."

గంటకు ఇంతని నేను నొక్కిన అంకెను
మైపాడు పక్క గుంటల కాపలాదారు
డాక్టరు కంటే ముందే ఒప్పుకున్నాడు.

మూడు రోజులు ఆ మాత్ర లేదు.
పూటపూటా అడిగేదాన్ని: గోడ ఏ రంగు?
"పసుపే."
"పసుపే, రవ్వంత పల్చన."
మూడో పొద్దున
కుట్ల మీద దిండు అదుముకుని దగ్గి,
గోడ వైపు శానాసేపు చూసి,
"సున్నం కొట్టి ఎన్నాళ్ళయింది పాపా,
ఇంత మురికిగా ఉండాది" అన్నాడు.
షీటులో రాశాను: చూపు మామూలు.

ఇంటికి పోయే రోజు
గుంట లెక్కల పుస్తకం తెప్పించుకున్నాడు.
ఉప్పు, నీటి రంగు, మేత.
పక్కన కొత్త గీత గీసి 'నాడి' అని రాశాడు.
అరవై కిందికి పోతే మాత్ర వేసుకోకుండా
మాకు ఫోను చెయ్యమన్నాను.
వంకర అక్షరాలతో ఆయన రాసుకున్నది:
అరవై లోపల, మేత ఆపు.