పన్నెండు పోగులు

నేను వచ్చిననాడు కంపెనీకి ఒక్కటే వ్యాను,
దాని నెత్తిమీద ఒక నిచ్చెన.
సోహార్ చేపల మార్కెట్ వెనుక
ఫోన్ కార్డులమ్మే అర షట్టరు దుకాణం.
పేరు ఖైత్.
అరబ్బీల దారమని అర్థమట.
సాలెం ముదీర్ గల్లాపెట్టె మీద మోచెయ్యి ఆనించి
"మీ ఇంట్ల ఏం పని?" అనడిగిండు.
సిరిసిల్లల సాంచెలు,
పోగు తెగితే అతికేటోళ్ళమన్న.
నవ్విండు. అదే నా ఇంటర్వ్యూ.

నూలు పోగైతే ఉమ్మితడితో ముడిపడ్తది.
గాజు పోగుకు ముడి పడది.
తోలు ఒలిచి, స్పిరిటుతో తుడిచి,
మొఖం సాపుగ కోసి
రెండు కొసలను నిప్పురవ్వల ఎదురెదురు నిలబెట్టాలె.
చిటికెంత సేపు, వెంట్రుకంత వెలుగు,
మిషిన్ తెరమీద ఒక అంకె:
సున్నా పాయింట్ సున్నా రెండు.
అంతే నష్టం.
అంత తక్కువ నష్టంతోని
నా బతుకుల ఇంకేదీ అతకలే.

మొదటేడు రెండు వందల కనెక్షన్లు.
ఖర్జూరం తోటల నడుమ కందకం తవ్వుతుంటే
మేకలొచ్చి కేబుల్ డ్రమ్ము అట్టలు మేసిపోయేటివి.
మూడో ఏడు అంగీ మారింది, ఆకుపచ్చ పోయి నీలం.
ఐదో ఏడు నారింజ, జేబు మీద ఎగిరే అక్షరం.
లివా, సహమ్, షినాస్, ఊరికో షోరూం,
అద్దాల తలుపు, ఊదు వాసన.
ఎనిమిదో ఏడు పేరుకు ముందు ఇంకో పేరొచ్చి చేరింది,
మస్కట్ కెళ్ళి టైలు కట్టుకున్నోళ్ళు దిగిన్రు,
సాలెం ముదీర్ ఫొటో గోడమీదికెక్కింది.
బతికే ఉన్నడు.
పొద్దుగూకితే సముద్రపొడ్డున
గాలానికి దారం కడ్తుంటడు.

పాత అంగీలు నేను పారెయ్యలే.
జానెడు జానెడు చింపి
కేబుల్ జిగురు తుడవనీకి పెట్టుకున్న.
ఏ రంగు కంపెనీ అయినా జిగురు ఒక్కతీరే అంటది.

మొన్న వాన. అర్ధరాత్రి వాది పొంగి
ఫలజ్ అల్ ఖబాయిల్ అంతా లైను పాయె.
ఆసుపత్రి, బ్యాంకు, పెట్రోలు బంకు,
కంట్రోల్ రూం నుంచి ఫోను మీద ఫోను.
మొఫిజుల్ టార్చి పట్టిండు,
మోకాటి నీళ్ళల్ల మ్యాన్‌హోల్ మూత లేపినం.
లోపల పాత జాయింట్ డబ్బా.
బురద కడిగి విప్పితే
ట్రే మీద మార్కరు రాత, తెలుగుల:
నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, పలక, తెలుపు,
ఎరుపు, నలుపు, పసుపు, వంకాయ, గులాబి,
సముద్రం.

బూడిద రంగని రాయొచ్చు. పలకనే రాసిండు.
పన్నెండోదానికి వాని దగ్గర పేరు లేకుండె,
తలెత్తి అటు చూసి రాసి ఉంటడు.

రాజలింగం.
ముప్పై రియాళ్ళు ఎక్కువిస్తమంటే
పోటీ కంపెనీకి పోయిండు.
వాళ్ళ కందకం మా కందకానికి మూరెడు దూరం,
వాళ్ళ పసుపు హోర్డింగు మా నారింజ హోర్డింగుకు
ఎదురుంగ పండ్లికిలిస్తది.
అవతలోళ్ళతోని మాట్లాడొద్దని
మాతోని సంతకం పెట్టించుకున్నరు.
సంతకం లేకున్నా మాట్లాడకపోదును,
నాకు చెప్పకుండ పోయిండు మరి.
ఆరేండ్లాయె.

పదకొండు పోగులు అతికిన. చేతులు వణుకుతున్నయి.
మొఫిజుల్ మోచెయ్యి పొడిచి అటు చూపిచ్చిండు.
వాది అవతలి గట్టున ఇంకో టార్చి,
నీళ్ళల్ల వంగిన ఇంకో నడుము.
వాళ్ళ లైనూ పోయినట్టుంది.
ఆ వంగుడు నాకెరికే.

పన్నెండో పోగు చేతిలనే ఉంది.
నీళ్ళ చప్పుడు మీదికెళ్ళి ఒర్రిన:
"ఓ లింగం! ఎందాక వచ్చినవ్‌రా?"

టార్చి ఇటు తిరిగింది.
జరసేపు ఏమీ లేదు.
వాది గుంజుకపోతున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి
ఇద్దరి వెలుగులు దాటి పోయింది.

"పలక కాడున్న" అన్నడు.
"స్పిరిటు అయిపోయింది. నీ దగ్గరుందా?"