బూడిదరంగు దొరకని రోజు

ముప్పై ఎనిమిది మంది పిల్లలు, పదకొండు రంగుముక్కలు.
పన్నెండోది బూడిదరంగు.
కిందటి వారం కిటికీలోంచి చెయ్యి పెట్టి
కోతి పట్టుకుపోయింది.
ఈ రోజే నీటిగుర్రం బొమ్మ వెయ్యాలి మరి!

లువాంగ్వా ఏటి ఒడ్డున మా బడి.
నేను పాఠం చెబుతుంటే
ఏట్లోంచి "హుఁ హుఁ హుఁ" అని నవ్వు వినపడుతుంది.
ఎవర్రా నవ్వింది అని నేను ఎవర్నీ తిట్టను.
మా న్యాంజా మాటలో దాని పేరు మ్వూ.
నా పేరు మ్వులా, అంటే వాన.
ఒక్క అక్షరం జారి ఉంటే
నల్లబల్ల ముందు నాలుగు కాళ్ళతో నిలబడేదాన్ని.

సరే, గీతలు చూడండి.
కళ్ళు, చెవులు, ముక్కు, అన్నీ నెత్తిమీదే.
ఒళ్ళంతా నీళ్ళలో దాచి
వాటిని మాత్రం పైకి పెట్టి
ఊరి కబుర్లన్నీ వింటుంది.
మునిగేముందు ముక్కు మూసుకుంటుంది, చెవులు మడుచుకుంటుంది,
ఐదు నిమిషాలు ఊపిరి బిగబడుతుంది.
మసౌసో, నువ్వు ఇప్పుడు బిగబట్టకు.
నిద్రలోనూ పైకి తేలి, గాలి పీల్చి,
మెలకువ రాకుండానే మళ్ళీ మునుగుతుంది.

"మునుగుతుంది గానీ ఈత రాదు"
అన్నాడు టికంబెంజి, చేపలవాళ్ళ అబ్బాయి.
నిజమే. ఏటి అడుగున అడుగులేస్తూ
తన బరువు తానే మరిచి
గెంతుకుంటూ పోతుంది.

కాలికి నాలుగే వేళ్ళు. ఐదు గీసినవాళ్ళు ఒకటి చెరిపెయ్యండి.
తోక పొట్టిది. పేడ వేసేటప్పుడు
దాన్ని విసనకర్రలా గిరగిరా తిప్పి చుట్టూ చిమ్ముతుంది.
(ఇక్కడ పాఠం పది నిమిషాలు ఆగిపోయింది.)

పుస్తకాలేమో గుర్రం అంటాయి,
గుర్రం దానికి ఏమీ కాదు.
దగ్గర చుట్టం తిమింగలం.
మా దేశానికి సముద్రమే లేదు,
పాపం, పెళ్ళికి పిలవాలన్నా ఎంత దూరం!

గడ్డి చుట్టూ చీకటి వెయ్యండి. మేత రాత్రిపూటే.
నలభై కిలోల గడ్డి పెదవులతో పీకి తింటుంది.
మూరెడు కోరలున్నది తినడానికి కాదు, తగువుకి.

జెలిపా చెయ్యెత్తింది.
"మా మొక్కజొన్న గడ్డి కాదు కదా, టీచర్?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు.
వాళ్ళ తాత రాత్రంతా చేలో
ఖాళీ నూనెడబ్బా వాయిస్తూ కూర్చుంటాడు.
దానికీ నీళ్ళకీ మధ్య ఎప్పుడూ నిలబడకండి, పిల్లలూ.
ఆ పొట్టికాళ్ళు మీకన్నా వేగంగా పరిగెడతాయి.
ఈ ముక్కకి రంగు అక్కర్లేదు,
గుర్తుంటే చాలు.

ఇంతకీ ఒంటికి ఏ రంగు?
టికంబెంజి లేచి, గంజి వండే పాకలోకి పరిగెత్తి
గుప్పెడు బూడిద తెచ్చాడు.
చూపుడువేళ్ళన్నీ బూడిదలో ముంచి
కాగితాల మీద రుద్దాయి.
మసౌసో బొమ్మ ఒక్కటే ఎర్రగా ఉంది.
"దీనికి జ్వరం టీచర్!" అని అంతా ఒకటే నవ్వు.

నవ్వకండి. ఎండలో ఒళ్ళు ఆరితే
దాని చర్మంలోంచి ఎర్రటి జిగురు ఊరుతుంది.
నెత్తురు కాదు, మన చెమటలాంటిదీ కాదు.
ఎండ కాల్చకుండా, గాయం చీము పట్టకుండా
తన మందు తానే పూసుకుంటుంది.
మసౌసోకి ఇవేవీ తెలియవు,
వాడి వంతుకి ఎరుపే మిగిలింది.
అయినా అన్నీ తెలిసినట్టు తలాడించాడు.

గంట కొట్టాక కాగితాలు వరండాలో పరిచి
గాలికి ఎగరకుండా రాళ్ళు పెట్టాం.
జెలిపా కాగితం నిండా నలుపే.
ఆ మూల చిన్న పసుపు చుక్క, తాత లాంతరు.

"మరి నీటిగుర్రం ఏదమ్మా?"

"ఉంది టీచర్. కనపడదు.
అదే కదా తాత బాధ."