ఉండపాకం

పంచదార రెండు గ్లాసులు, నీళ్లు అర గ్లాసు,
ఒక నిమ్మకాయ.
అలెగ్జాండ్రియాలో, చేపల రేవు వెనక సందులో,
మూడో అంతస్తు వంటగదిలో
నలభై ఏళ్లుగా ఈ మూడింటితోనే ఉడుకుతోంది నా బతుకు.
తీగ సాగితే ఇంకా లేత.
పళ్లెంలో పడి టంగుమంటే ముదిరిపోయినట్టు.
వేళ్ల మధ్య ఉండకట్టి వెన్నలా నలిగిందా,
అదీ నా పాకం.
మావాళ్లు హలావా అంటారు.
తీపి అని పేరు పెట్టి ఏడిపించేది ఇదొక్కటే.

ఎంత వేడైతే అంత బాగా ఊడుతుందని
షహీనాజ్ తల్లి మంట పెంచబోయింది.
చెయ్యి పట్టుకున్నాను.
కాలేది తోలమ్మా, వెంట్రుక కాదు.
చంటిపిల్ల స్నానపు నీళ్లంత వెచ్చన, చాలు.

షహీనాజ్‌కి వచ్చే గురువారం పెళ్లి.
కాళ్లు చాపి, కళ్లు మూసి,
నేరం ఒప్పుకున్నట్టు చెప్పింది:
"అత్తా, ఒక్కసారే బ్లేడు పెట్టాను.
అప్పట్నుంచే ఇలా దట్టమయ్యాయి."

ఎన్ని వందల కాళ్లు చెప్పాయో నాకీ మాట!
కోసిన రెల్లు మీద అరచెయ్యి ఆనించి చూడు,
మోడు గుచ్చుకుంటుంది.
అంతమాత్రాన దుబ్బు రెండింతలైందా?
కొన తెగిందన్న కబురు
వేరుదాకా వెళ్లదు.

"నువ్వు పీకితే ఇక రావు కదా?"
వస్తాయి.
నాలుగు వారాలకి, అద్దె వసూలుకొచ్చే మనిషిలా.
పిల్ల మొహం చిన్నబోయింది.

అప్పుడు గోడవార కుర్చీలోంచి నాయనమ్మ నఫూసా
చేతికర్ర నేలకేసి కొట్టింది.
"అసలెందుకు మొలిచాయంట?
పుట్టిన ఏడో రోజున మీ అమ్మే కదా పూసింది
గబ్బిలం నెత్తురు! చంకల్లో, పిక్కల మీద.
నా కళ్లారా చూశాను."

నేనూ చూశాను.
మా అమ్మకి గబ్బిలమంటే చచ్చేంత భయం.
డాబా మీది గూట్లోంచి పావురాన్ని తెచ్చి
రెక్కలు నన్ను పట్టుకోమంది.
నెత్తురు చిన్న గాజు గిన్నెలో పట్టింది.
ఆ రాత్రి మా ఇంట్లో
పావురం కడుపున పచ్చిగోధుమ కూరి వండుకున్నాం.
పేట పేటంతా పావురం పూసుకుని పెరిగింది.

నిజం నాలిక మీదికొచ్చి
పాకంలా అంటుకుంది.
చెబితే ఏమంటారో నాకు తెలుసు.
నెత్తుటికి మహిమ లేదని అనరు.
"అదీ సంగతి! అసలు గబ్బిలమైతే పనిచేసేదే" అంటారు.
చీకటి పడకముందే ఎవడో కుర్రాడు
వల పట్టుకుని పాత గిడ్డంగుల వైపు పరిగెడతాడు.
రెండు కాళ్ల మీద నడుస్తున్న అబద్ధానికి
నా నిజం రెక్కలు కూడా ఇచ్చేస్తుంది.

ఊపిరి పీల్చుకో అన్నాను.
పాకం పరిచి, ఒక్క లాగు లాగాను.
షహీనాజ్ కేకకి కిటికీ మీది కాకి లేచిపోయింది.

తర్వాతి ఏడు, శీతకాలం.
షహీనాజ్‌కి ఆడపిల్ల.
ఆరో రాత్రి తలుపు తట్టారు:
"నీకు తెలిసే ఉంటుంది, గబ్బిలం ఎక్కడ దొరుకుతుందో."
పిల్ల వీపంతా పీచుపండు తోలు మీది నూగు.
నేను చూసుకుంటాలే అన్నాను.

తెల్లారి అందర్నీ బయటికి పంపి
గోరువెచ్చటి నీళ్లలో ఎండు గోంగూరపువ్వు నానబెట్టాను,
మేం చక్కెర వేసుకుని తాగే ఆ ఎర్రదే.
గుడ్డ ముంచి అద్దాను.
పిల్ల నవ్వింది, లేదా ఆవలించింది.

రెండు నెలలకి నూగంతా రాలిపోయింది.
ఏ పిల్లకైనా అంతే రాలుతుంది.
నఫూసా రెండు కిలోల చేపలు పంపింది,
అమ్మ చెయ్యే నీకొచ్చిందని కబురుతో.

వెనక్కి పంపలేదు. వేయించుకు తిన్నాను.
ముల్లు ఒకటి గొంతులో చాలాసేపు ఉంది.

పన్నెండేళ్లు పోనీ.
అప్పటికి నా చేతులు వణక్కుండా ఉంటే
ఆ పిల్లని ఈ పొయ్యి దగ్గర నిలబెట్టి
పాకం ఎప్పుడు దించాలో చూపిస్తాను.
పావురం సంగతి
ముందు చెప్పాలా, తర్వాతా,
ఇంకా తేల్చుకోలేదు.