ఐదింట మూడు

వాన తెరిపిచ్చిన రాత్రి
పెరుంగుడి ఆఫీసు నాలుగో అంతస్తులో
నేను రాసిన కోడ్ ముందు నేనే
పొరపాటు బస్సెక్కి పరాయి ఊళ్లో దిగినదానిలా నిలబడ్డాను.

రెండేళ్ల కిందటి రాత అది.
ఐదు సర్వర్లు ఒక్క మాట మీదికి రావడానికి
పదకొండు మెలికలు పెట్టాను.
ప్రతి మెలికకీ రుజువుంది.
రుజువు నలభై పేజీలు.
చదివినవాళ్లు ముగ్గురు:
నేను, ఉద్యోగం మానేసిన కస్తూరిరంగన్,
చదివానని తలాడించిన మా మేనేజరు.

ఆ రాత్రి అంబత్తూరుకీ సిరుసేరికీ మధ్య తీగ తెగింది.
ఇటు రెండు, అటు మూడు.
రెండు వైపులా నాయకులు లేచారు.
ఒకరి డబ్బు రెండుచోట్ల ఖర్చయింది.
నైట్ డ్యూటీ ఇళవరసి ఫోన్లో అడిగింది:
"అక్కా, ఏది నిజం? దేన్ని ఆపను?"
ఇరవై నిమిషాలు పట్టింది
నాకు తెలియదని ఒప్పుకోవడానికి.

రుజువులో తప్పు లేదు.
రుజువుకీ కోడ్‌కీ నడుమ ఎవరో ఒక షరతు మార్చారు.
వెతికితే, మార్చింది నేనే.

మర్నాటి నుంచి తీసెయ్యడం మొదలుపెట్టాను.
ఒక్కో మెలికా ఒక్కోనాటి నా తెలివి.
బోర్డు తుడుస్తుంటే
అరచేతికి నల్లగా అంటుకునేది.

కొలబద్ద ఒకటే:
ఇళవరసి నాకు తిరిగి చెప్పగలగాలి.
కణ్ణగి నగర్ పిల్ల, డిప్లొమా చదువు,
సగం తమిళం, సగం తెలుగు,
అర్థం కానిదానికి తలాడించదు.

చెబుతూ చెబుతూ ఒకచోట ఆగింది.
నేను వాదించలేదు, ఆ చోటే కొట్టేశాను.
మళ్లీ చెప్పింది. ఇంకోచోట ఆగింది.
"ఇద్దరూ ఒకేసారి నేనంటే నేనని లేస్తే?"

దానికి నా దగ్గర పెద్ద ఏర్పాటుంది:
హోదాలు, వరుసలు, మినహాయింపులు, మినహాయింపులకు మినహాయింపులు.
ఆమె కిటికీలోంచి కిందికి చూపించింది.
సిగ్నల్ దగ్గర రెండు షేర్ ఆటోలు
ఒకే సందులోకి ఒకేసారి దూరి
ముక్కు ముక్కు తగిలి ఆగిపోయాయి.
రెండూ వెనక్కి జరిగాయి.
ఒకడు బీడీ ముట్టించాడు.
రెండోవాడికి అంత ఓపిక లేదు, వెళ్లిపోయాడు.
"అంతేగా అక్కా? అందరికీ ఒకే ఓపిక ఉంటేనే గొడవ."

హోదాలన్నీ చెరిపేశాను.
ఒక్కో సర్వర్‌కీ ఒక్కో ఓపిక ఇచ్చాను,
ప్రతిసారీ చీటీ తీసినట్టు, కొత్తగా.

చివరికి మిగిలింది ఇంతే:
నాయకుడి గుండెచప్పుడు వినిపిస్తున్నంతసేపూ ఊరుకో.
వినిపించకపోతే, నీ ఓపిక తీరాక, ఓటడుగు.
ఒక పదవీకాలానికి నీది ఒక్కటే ఓటు.
నీకంటే పాతబడ్డ చిట్టా ఉన్నవాడికి వెయ్యకు.
ఐదింట మూడు రావాలి,
ఐదులో రెండు మూళ్లు పట్టవు.
తీగకు అటువైపు చిక్కుకున్న పాత నాయకుడు
ఇంకా నేనే అనుకోవచ్చు.
అనుకోనీ.
మూడు సంతకాలు పడనిదే ఏ పద్దూ ఖాయం కాదు.

పాతదానికంటే రెండు మిల్లీసెకన్లు నెమ్మది కదా,
మీటింగులో మేనేజరు అడిగాడు.
అవునన్నాను.
ఆనాటి ఇరవై నిమిషాలకి ఎన్ని మిల్లీసెకన్లో
బోర్డు మీద లెక్క వేశాను.
పన్నెండు లక్షలు.
సున్నాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు.

డిసెంబరులో తుపాను.
పళ్లికరణై చిత్తడి రోడ్డెక్కింది.
మా వీధిలో కరెంటు పోయింది.
ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.
మోగలేదు.

పొద్దున్న డ్యూటీ రిజిస్టరులో
తమిళంలో ఇళవరసి రాత, గుండ్రంగా, నాలుగు ముక్కలు:
రెండూ నలభైకి నాయకుడు పోయాడు, రెండో నంబరు.
మొదటిసారి ఓట్లు చీలాయి.
నాలుగో నంబరుకి ముందుగా ఓపిక తీరింది.
ఎవరినీ లేపలేదు.

చదివి సంతోషించాను.
తర్వాత, దాచడమెందుకు,
ఫోన్ తీసి ఒకసారి చూసుకున్నాను.
సిగ్నల్ ఉంది.
బ్యాటరీ కూడా నిండుగానే ఉంది.