యెగ్వాన్ తలుపు

తోర్షౌన్‌లో వాన అడ్డంగా కురుస్తోంది.
రాన్‌వా తెర మీద మూడొందల ఎర్ర వరుసలు.
అరిచేది చివరిదే గానీ
తప్పు చేసింది మొదటిది.
పైకి, ఇంకా పైకి జరుపుకుంటూ పోయింది.

ఆటుపోట్ల లెక్క కట్టే పాత ప్రోగ్రాం,
సోర్సు నుంచే కట్టుకోవాలి.
లైబ్రరీ ఉంది. కళ్ళెదుటే ఉంది.
కాన్ఫిగర్ మాత్రం లేదు పొమ్మంటోంది.

కాఫీ చల్లారాక కనబడింది,
ఎవరో చేత్తో రాసేసిన దారి:
హోమ్, యెగ్వాన్, లిబ్.

యెగ్వాన్ పోయి ఆరేళ్ళు.
ఏ కొత్త మిషన్ మీదైనా
బిల్డు అతని తలుపే తట్టి
పలికేవాళ్ళు లేక కూలబడుతుంది.

చెరిపేద్దామని మీట మీద వేలు పెట్టింది.
తీసేసింది.
అతని పేరునే ఒక ఫోల్డరు తెరిచి
లోపల లైబ్రరీకి లింకు కట్టి
మేక్ కొట్టింది.

వరుసలు కదిలాయి.
ఒక్క వార్నింగు మిగిలింది.
ఉండనీలే, అంది.