నలుగురి దాకా

నలుగురి దాకా చిన్న నేరం.
అయిదో పేరు దొరికిందంటే పెద్ద నేరం.
మా ఫ్లోరిడాలో చట్టం వేళ్ళ మీద లెక్కపెడుతుంది,
బొటనవేలి దగ్గరికొచ్చేసరికి గొంతు మారుస్తుంది.

డెల్మర్ క్రచ్‌ఫీల్డ్ ట్రక్కులో, సీటు వెనక,
దొరికినవాళ్ళు నలభై ఒక్కమంది.

ఎవరూ కట్లతో లేరు, ఎవరూ అరవలేదు.
అట్ట ఊడిన జీతాల పుస్తకంలో
వరసగా పడుకుని ఉన్నారు:
పేరు, పుట్టినరోజు, తొమ్మిదంకెల నంబరు,
వారంలో ఒలిచిన ఆయిస్టర్లు ఎన్ని గ్యాలన్లో,
చివర సంతకం.
అపలాచికోలా రేవులో మూతబడ్డ షెడ్డు సామాను వేలంలో
పన్నెండు డాలర్లకి కొన్నాడట.
వెనక దీపం వెలగట్లేదని ఆపిన పోలీసు
టార్చి వేసి, రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

నేను సాక్ష్యాల గదిలో గుమాస్తాని.
ఆ నలభై ఒక్కమందీ ఇప్పుడు నా అల్మారాలో,
మూడో అరలో, కట్టేసిన సంచీలో ఉన్నారు.
నా దగ్గర ఉండొచ్చు.
నాకు మెళ్ళో బ్యాడ్జీ ఉంది.

చట్టాన్ని వెక్కిరిద్దామనే అనుకున్నాను, నిజం.
అప్పుడొచ్చింది వెర్లీన్ టబ్స్.
పద్దెనిమిదో పేజీ, ఏడో వరస.
వేళ్ళ కణుపుల మీద గుల్లకత్తి గీతలు ఇంకా తెల్లగా.
"హ్యూస్టన్‌లో ఎవరో నా నంబరు మీద
రెండు ఫ్రిజ్‌లూ ఒక పడవ ఇంజనూ కొన్నారు.
మూడేళ్ళు, నేను నేనేనని
ఫోనులో వాళ్ళు పెట్టిన పాటలు వింటూ నిరూపించుకున్నాను.
ఆఖరికి ఓ పిల్ల అడిగింది,
ఇదివరకెప్పుడైనా మీరు వెర్లీన్‌గా ఉన్నారా అని."
నవ్వబోయి ఆగిపోయింది.
"డెల్మర్ అలాంటివాడు కాదు. అయినా
నన్నడక్కుండా నన్ను సీటు వెనక ఎందుకు పెట్టుకున్నాడు?"

దానికి ఇవ్వడానికి నా దగ్గర రసీదు లేదు.

ఆ మాటే అతన్ని అడిగింది అతని తరఫు లాయరు,
యమిలే ఫెరాన్, పెన్సిలు జుట్టులో దోపుకుని.
చాలాసేపు టోపీ తిప్పుతూ కూర్చున్నాడు.
"ఒలీటా సంతకం ఉంది. ప్రతి శుక్రవారం.
వేళ్ళు కొంకర్లు పోయిన జనవరిలో వంకరగా.
పిల్లాడు పోయిన వారం లేదు.
తర్వాతి వారం ఉంది."

ఆవిడ వరస మట్టుకు చింపుకుని
మిగతాది పారెయ్యొచ్చుగా?

"ఏ పేజీ తీసినా మధ్యలోనే ఉంటుంది.
తనని చింపితే
పైన ముగ్గురూ కింద ముగ్గురూ వచ్చేస్తారు."

పెట్టె మోసిన రోజూ అంతే కదా,
అటు ముగ్గురూ ఇటు ముగ్గురూ.

ఆమెతో కలిపి ఏడుగురు. పెద్ద నేరమే.
ఆమె ఒక్కతే అయినా నేరమే అనుకోండి:
పోయినవాళ్ళ నంబరూ నంబరే,
ఆ ముక్క చట్టంలో రాసుంది.
అనుమతి ఎవరినడగాలో మాత్రం
నాకు తెలిసిన ఏ ఫారంలోనూ గడి లేదు.

ఏప్రిల్‌లో కేసు కొట్టేశారు.
పుస్తకాన్ని ముక్కలు చేసే యంత్రానికిచ్చి
ఒక్క పేజీ నకలు అతనికివ్వమన్నాడు జడ్జి,
ఆమె సంతకం ఉంచి, తక్కినవన్నీ కప్పేసి.
నల్ల మార్కరు నేనే పూశాను.
కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంటే కనిపిస్తాయని
రెండో పూత కూడా వేశాను.

కౌంటరు దగ్గర నిలబడి
ఆమె సంతకం కాసేపు చూశాడు.
తర్వాత పక్కనున్న నల్ల పట్టీ మీద
ఎడమ నుంచి కుడికి, మెల్లగా, వేలు జరిపాడు.
ఆస్పత్రి కిటికీల ముందు చెప్పి చెప్పి
నోటికొచ్చేసినట్టుంది.
పెదవులు కదిలాయి,
తొమ్మిదిసార్లు.

నేను తలొంచుకుని
ముద్ర వేశాను.